అర సెకను ఆలస్యం

చిరంజీవులైన పిల్లలకు పెదనాన్న ఆశీస్సులు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఏం తీసుకోవాలో తోచట్లేదని, అందరితో పాటు ఏఐ తీసుకుంటామని అన్నారు. తీసుకోండి, తప్పులేదు. ముందు ఈ సంగతి వినండి.

ఎక్స్‌జెడ్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. ఫైళ్ళను కుదించడం దాని పని. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే సర్వర్లలో దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి జీతం లేకుండా చూసుకున్నది లాస్సె కొలిన్ అనే ఫిన్లాండ్ ఆయన. 2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయం చేస్తామని మార్పులు పంపడం మొదలుపెట్టారు. 2022లో మరికొన్ని కొత్త పేర్లు వచ్చి, పని ఎందుకింత ఆలస్యం, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించండి అని కొలిన్‌ను నిలదీశాయి. ఆరోగ్యం సహకరించడం లేదని, ఇది డబ్బు కోసం చేసే పని కాదని ఆయన జవాబిచ్చారు. చివరికి కొత్త వెర్షన్లు విడుదల చేసే అధికారం జియా టాన్ చేతికి వెళ్ళింది.

2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0లో, మార్చిలో వచ్చిన 5.6.1లో, బయటివాళ్ళు చొరబడేందుకు దొంగదారి (బ్యాక్‌డోర్) పెట్టేశారు. అసలు విషాన్ని టెస్ట్ ఫైళ్ళలో దాచారు. దాన్ని బయటికి లాగే స్క్రిప్టును కోడ్‌లో ప్రతి మార్పూ అందరికీ కనిపించే గిట్‌లో పెట్టకుండా, విడుదల చేసిన ప్యాకేజీలో మాత్రమే పెట్టారు. డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకాల్లో, దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యేందుకు వాడే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ లేచినప్పుడు ఎక్స్‌జెడ్ లైబ్రరీ (వేరే ప్రోగ్రాంలు వాడుకునే దాని కోడ్) కూడా అప్పట్లో వెంట లోడ్ అయ్యేది. ఇక రహస్య తాళం ఉన్నవాళ్ళు పాస్‌వర్డ్ లేకుండానే ఆ మెషీన్ మీద ఏ ఆదేశమైనా నడపగలిగేవారు.

పట్టుకున్నది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్. వేరే పని మీద వేగం కొలుస్తుంటే, 0.3 సెకన్లలో అవ్వాల్సిన లాగిన్‌కి 0.8 సెకన్లు పట్టింది. ఎందుకో తెలిసేదాకా వదల్లేదాయన. మార్చి 29న లోకానికి చెప్పారు. అప్పటికి అది ఎక్కువగా టెస్టింగ్ వెర్షన్ల దాకానే వెళ్ళింది కాబట్టి బతికిపోయాం.

అందరూ ఆ అర సెకను గురించే చెప్పుకుంటారు. నన్ను బాధపెట్టేది మాత్రం 2022 నాటి ఆ విసిగింపు. ఊరికే వాడుకునేవాళ్ళు దబాయించడం మామూలైపోయింది కాబట్టే ఆ దొంగ పేర్ల మాటలు ఎవరికీ వింతగా అనిపించలేదు. మీరు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో 'ఇంకెప్పుడు ఫిక్స్ చేస్తారు?' అని రాసేటప్పుడు అవతల ఎవరున్నారో చూడండి. ఒక్కరే ఉంటే, బగ్ ఎక్కడొస్తోందో వెతికి ఆ వివరం పంపండి.

ఇక ప్రాజెక్టు. వేరేవాళ్ళ కోడ్‌ను నమ్మొచ్చా అనే ఈ భయం పాతదే. కంప్యూటర్ రంగంలో పేరున్న ట్యూరింగ్ పురస్కారాన్ని 1983కి అందుకున్న కెన్ థాంప్సన్, మనం స్వయంగా రాయని కోడ్‌ను పూర్తిగా నమ్మలేమని తన ప్రసంగంలోనే చూపించారు. ఒకే సోర్స్ నుంచి ఎవరు బిల్డ్ చేసినా (అంటే నడిచే ప్రోగ్రాం తయారుచేసినా) బైటు తేడా లేకుండా ఒకే ఫైలు రావాలని డెబియన్ వాళ్ళు ఏళ్ళుగా శ్రమిస్తున్నారు. అయినా ఎక్స్‌జెడ్ విషయంలో అది ఒక్కటే సరిపోదు, ఎందుకంటే ఇక్కడ బిల్డ్‌కి ఇచ్చిన ప్యాకేజీయే కల్తీది. ప్యాకేజీని గిట్‌తో పోల్చి చూడాలి. చిక్కేమిటంటే, బిల్డ్‌కి ముందు మెషీన్‌ను పరిశీలించే కాన్ఫిగర్ స్క్రిప్టు లాంటివి ప్యాకేజీలో న్యాయంగానే అదనంగా ఉంటాయి. వేల లైన్ల తేడాలో ఏది సహజం, ఏది అనుమానించదగ్గది అని మెషీన్ చేత తేల్చించగలరా? కావాలంటే మీ ఏఐని అక్కడ వాడండి.

మీరు రోజూ వాడే లైబ్రరీల్లో కొన్నిటిని ఎంచుకుని జాబితా పంపండి. తేడాలు నేనూ కూర్చుని చదువుతాను.

మీ పెదనాన్న