గాజు గోళం కాల్చిన గీత

కిందటి నెల సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకురాలు ఫోను చేశారు. ఆమె ఉపాధ్యాయురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. బోస్టన్ దగ్గర కూతురి ఇంటికి వెళ్లినప్పుడు, ఊరికి దక్షిణాన ఉన్న బ్లూ హిల్ అనే గుట్ట ఎక్కారట. "పైన బురుజు లాంటి పాత కట్టడం, అందులో వాతావరణ పరిశీలనాలయం. ఎండ ఎంతసేపు కాసిందో ఒక గాజు గోళం చెబుతుందట! ఉపగ్రహాలు ఉన్న ఈ రోజుల్లో ఇలాంటి వాటికి ప్రభుత్వం డబ్బు ఎందుకివ్వాలండీ?" అని అడిగారు.

ఇవ్వాలి, ఇమ్మని మనమే అడగాలి అని చెప్పాను. ఎందుకో ఫోనులో సగమే చెప్పగలిగాను.

బ్లూ హిల్ పరిశీలనాలయాన్ని అబట్ లారెన్స్ రాచ్ అనే యువకుడు సొంత డబ్బుతో కట్టించాడు. 1885 ఫిబ్రవరి 1న మొదలైన పరిశీలనలు అదే గుట్ట మీద ఇప్పటికీ సాగుతున్నాయి. మిగతా చరిత్రను పక్కన పెట్టి గోళం దగ్గరికి వస్తాను. నాకు తెలిసిన పరికరాలలో ఇంత అందమైనది మరొకటి లేదు.

భూతద్దంతో కాగితం కాల్చాలంటే దాన్ని సూర్యుడి వైపు తిప్పి పట్టుకోవాలి. గోళానికి ఆ అవసరం లేదు. ఎటు నుంచి చూసినా దాని ఆకారం ఒకటే కాబట్టి, సూర్యుడు ఎక్కడ ఉంటే దానికి సరిగ్గా ఎదుటి వైపున వెలుగు చుక్క పడుతుంది. 1853లో స్కాట్లాండ్‌కు చెందిన జాన్ ఫ్రాన్సిస్ క్యాంప్‌బెల్ చెక్క గిన్నెలో గోళాన్ని ఉంచాడు. ఎండ ఆ చెక్కనే కాల్చింది. 1879లో భౌతిక శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ చెక్కకు బదులు లోహపు గిన్నె పెట్టి, అందులో రోజుకొక అట్టముక్క దూర్చే ఏర్పాటు చేశాడు. ఎండ ఉన్నంతసేపూ అట్ట మీద కాలిన గీత సాగుతుంది. మబ్బు అడ్డం వస్తే తెగుతుంది.

ఇప్పుడు కొంచెం లెక్క. గోళం మధ్య నుంచి నాభి, అంటే కిరణాలన్నీ కలిసి వెలుగు చుక్క పడే చోటు, ఎంత దూరమో తెలియాలంటే, గాజు వక్రీభవన గుణకం (గాజు కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.52ను, దానిలోంచి ఒకటి తీసేయగా మిగిలిన 0.52కు రెట్టింపుతో భాగించి, వ్యాసార్ధంతో గుణించాలి. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గోళానికి 7.3 సెంటీమీటర్లు వస్తుంది. అంటే చుక్క గాజుకు 2.3 సెంటీమీటర్ల అవతల పడుతుంది. అట్ట ఉండవలసింది అక్కడే. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు కాబట్టి, పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు రోజుల్లో చుక్క గంటకు 19 మిల్లీమీటర్లు నడుస్తుంది. నిమిషానికి 0.3 మిల్లీమీటర్లు. బడుల్లో పిల్లలు ఈ నాభి దూరం (నాభ్యంతరం) సూత్రాన్ని బట్టీ పట్టి, ఒక్క అట్టముక్కనైనా కాల్చకుండానే పరీక్ష రాసేస్తారు. నాకు అది చాలా బాధగా ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆకాశంలో సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు. అట్ట మీద దాని ప్రతిబింబం దాదాపు 0.7 మిల్లీమీటర్లు, అంటే రెండు నిమిషాల నడకకు సమానం. ఎండ అర నిమిషమే తొంగిచూసినా మచ్చ రెండు నిమిషాలంత పడుతుంది. విడివిడి మబ్బులున్న రోజున గోళం ఎండను ఎక్కువ చేసి చూపుతుంది. మంచుకు అట్ట తడిస్తే తక్కువ చేసి చూపుతుంది. ప్రపంచ వాతావరణ సంస్థ నిర్వచనం ప్రకారం, నేరుగా వచ్చే కిరణాల తీవ్రత చదరపు మీటరుకు 120 వాట్లు దాటితేనే ఎండ కాసినట్టు. అట్ట మాత్రం తడిని బట్టి ఒకసారి 70 వాట్లకే కాలుతుంది, ఒకసారి 280 వచ్చినా కాలదు.

అయితే ఎలక్ట్రానిక్ పరికరం పెట్టేస్తే సరిపోదా? పెట్టిన రోజు నుంచి ఎండ గంటల లెక్క మారిపోతుంది. మారింది పరికరమే అయినా, యాభై ఏళ్ల తరువాత గ్రాఫు చూసేవారికి ఆకాశమే మారినట్టు కనిపిస్తుంది. 1950ల నుంచి 1980ల దాకా పొగ, గంధక ధూళి వల్ల లోకంలో చాలాచోట్ల నేలకు చేరే ఎండ తగ్గిందని తెలిసింది ఇలాంటి సుదీర్ఘ కొలతల వల్లనే. ఆ తగ్గుదల కొద్ది శాతమే. పరికరం మార్పు తెచ్చే తేడాలో అది సులభంగా కలిసిపోతుంది. అందుకే పాతదాన్నీ కొత్తదాన్నీ ఏళ్ల తరబడి పక్కపక్కన నడపాలి, రోజూ సాయంత్రం అట్ట మార్చే మనిషి ఉండాలి. మనం అడిగే నిధులు ముఖ్యంగా ఆ మనిషి జీతానికే.

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఈ ఏడాది ఎన్ని కుంచాల వానో వింటాం. ఏడాది చివర ఆ లెక్క సరిపోయిందా అని చూసేవారు నాకు ఎక్కడా కనిపించలేదు. పరిశీలనాలయంలో రోజూ జరిగేది ఆ సరిచూడటమే.

డబ్బు ఆగితే ఏమవుతుందో స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ శిఖరం చూపించింది. 1345 మీటర్ల ఎత్తున ప్రజల చందాలతో 1883లో పరిశీలనాలయం వెలిసింది. మంచు తుపానుల్లో కూడా గంటగంటకూ కొలతలు తీశారు. 1894లో అక్కడ రెండు వారాలు గడిపిన భౌతిక శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్, మబ్బుల మీద పడిన కాంతి వలయాలను చూసి, వాటిని ప్రయోగశాలలో సృష్టించాలనుకున్నాడు. అలా పుట్టిన మేఘపేటిక (లోపల మబ్బును పుట్టించే పెట్టె, క్లౌడ్ చాంబర్) పరమాణు కణాల దారులను కంటికి చూపించి, 1927లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చింది. అప్పటికి పరిశీలనాలయం లేదు. నిధులు చాలక 1904లోనే మూసేశారు. ఆ తరువాత ఆ శిఖరం మీద గడిచిన గంటల్లో చలి ఎంతో, గాలి ఎంతో ఇప్పుడు ఎంత ఖర్చు పెట్టినా తెలుసుకోలేం.

ఇక మన హైదరాబాద్ సంగతి. 2008లో విమానాలు శంషాబాద్‌కు వెళ్లిపోయినా వాతావరణ కేంద్రం బేగంపేటలోనే ఉంది. అందువల్లనే 2020 అక్టోబరు కుంభవృష్టిని, 2000 ఆగస్టు 24న నమోదైన 24 సెంటీమీటర్ల వానతో నేరుగా పోల్చగలిగాం. 1908 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్య జలాశయాలకు ప్రణాళిక వేసింది కూడా వాన లెక్కలు ముందు పెట్టుకునే. నగరం మధ్య భూమికి ఇప్పుడున్న విలువ చూస్తే, ఆ కేంద్రాన్ని కదపమని ఎవరైనా అడుగుతారేమోనని నాకు భయం.

వాతావరణ శాఖ కేంద్ర ప్రభుత్వానిది కాబట్టి ఉత్తరం మీ ఎంపీకి రాయండి. రెండు విషయాలు అడగండి: పాత కేంద్రాల స్థలాలను కదపవద్దని, ఏ పరికరం మార్చినా కొన్నేళ్లు రెండింటినీ కలిపి నడిపేందుకు నిధులు, సిబ్బంది ఇవ్వాలని. ఫోను చేసిన ఆ టీచరుగారు తన ఉత్తరం అప్పుడే పంపారు. అపార్టుమెంటులో మరో పదకొండు మంది చేత సంతకాలు కూడా చేయించారు.