చెంచాడు తోడు

ఒంగోలు,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవులైన నా మనవలకు, మనవరాళ్లకు తాతయ్య దీవించి వ్రాయునది.

పోయిన వారం ఫోనులో మా చిన్నది అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు. హైదరాబాదులో మీ నాన్న, మరో నాలుగు కుటుంబాలవారు కలిసి మీ ఇంటి హాల్లో ఆదివారపు ఆరాధన మొదలుపెట్టారని, కుర్చీలు చాలక పిల్లలంతా మంచం మీద కూర్చుంటున్నారని చెప్పి, "తాతయ్యా, మనకు గుడి లేదు, గంట లేదు, పాస్టరుగారు కూడా లేరు. మరి మనది సంఘమేనా? అసలు సంఘాన్ని ఎలా మొదలుపెడతారు?" అని అడిగింది. ఫోనులో తేల్చి చెప్పే మాట కాదు గనుక ఉత్తరం వ్రాస్తానన్నాను.

దీని మీద చదువుకున్నవాళ్లు చాలా చెబుతారు. నేను మాత్రం మిమ్మల్ని వంటింట్లోకి తీసుకుపోతాను. మా అమ్మ కాచిన పాలను దింపి, కాసేపు ఆగి, చిటికెన వేలు ముంచి చూసేది. చురుక్కుమంటే ఇంకా ఆగేది, మరీ చల్లారితే మళ్లీ పొయ్యి మీద పెట్టేది. గోరువెచ్చగా ఉన్నప్పుడే నిన్నటి పెరుగు చెంచాడు వేసి, ఒక్కసారి కలిపి, మూత పెట్టి, చలికాలమైతే గోనెసంచి చుట్టి ఒక మూలకు చేర్చేది. ఆ తరువాత ఎవరూ దాని జోలికి పోకూడదు. నాకు ఏడెనిమిదేళ్లున్నప్పుడు, పాలు పెరుగయ్యే క్షణాన్ని కళ్లారా చూడాలనిపించి, ఒక రాత్రి నాలుగైదు సార్లు లేచి మూత తీసి గరిటెతో కదిపాను. తెల్లవారేసరికి కుండలో ఉన్నది పాలూ కాదు, పెరుగూ కాదు. ఆ పూట ఇంటిల్లిపాదీ మజ్జిగ లేకుండా అన్నం తిన్నారు. మా అమ్మ కొట్టలేదు గాని, వడ్డిస్తున్నంతసేపూ నన్నే చూసింది.

మన ప్రభువు దేవుని రాజ్యాన్ని మూడు కుంచాల పిండిలో ఒక స్త్రీ దాచిపెట్టిన పుల్లని పిండితో పోల్చాడు. మన ఇళ్లలో రొట్టె పులియబెట్టే అలవాటు లేదు గనుక ఆ మాట వచ్చిన ప్రతిసారీ నేను తోడుగానే చదువుకుంటాను. వేదాంతులు నన్ను క్షమించాలి. తోడు పక్కింటి నుంచి రావచ్చు, సముద్రం దాటి కూడా రావచ్చు, కాని పాలు మాత్రం ఆ ఇంటివే.

మా ఒంగోలు సంగతే చూడండి. అమెరికా బాప్టిస్టు మిషనువారు 1836లో తెలుగు దేశానికి వచ్చి 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా చెప్పుకోదగిన ఫలితం కనబడలేదు. ఈ మిషనును మూసివేద్దామా అన్న చర్చ వాళ్ల దేశంలో ఒకటికి రెండుసార్లు జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూవెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఈ ఊరి కొండ మీదికెక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. పన్నెండేళ్ల తరువాత, 1866లో, క్లౌ దొరగారు ఇక్కడ కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు అందులో ఉన్న సభ్యులు ఎనిమిది మంది. చిన్నదానా, మీ మంచం మీద ఉన్న పిల్లలను కలుపుకుంటే మీరు అంతకంటే ఎక్కువమందే ఉంటారు గదా!

ఆ పనిలో అందరికన్నా ముందు చెప్పుకోవలసినవాడు యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమటగా దాదాపు 40 మైళ్ల దూరంలోని ఒక పల్లెలో మాదిగ కుటుంబంలో పుట్టినవాడు, తోళ్ల వ్యాపారం చేసేవాడు, అప్పటికే ఒక యోగిని ఆశ్రయించి దేవుణ్ణి వెతుకుతున్నవాడు. తోళ్ల కోసం ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త విన్నాడు. 1866లో బాప్తిస్మం పొంది ఇంటికి తిరిగిపోయి, తన వ్యాపారం తాను చేసుకుంటూనే, భార్య నాగమ్మతో కలిసి బంధువుల పల్లెలన్నీ నడిచి తిరిగాడు. మరుసటి జనవరిలో దొరగారు ఆ పల్లెకు వెళ్లేసరికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సద్దిమూటలు కట్టుకొని వచ్చి కూర్చున్నారు. నాలుగైదు రోజుల బోధ తరువాత 28 మంది బాప్తిస్మం పొందారు. పెళ్లికబురు ఏ దారిన పోతుందో సువార్త కూడా ఆ దారినే, అంటే చుట్టరికం వెంటనే, పోయిందన్నమాట. ఆ దారులు పేరయ్యకు తెలిసినట్టు దొరగారికి ఏనాటికీ తెలియవు. పౌలుగారు ఫిలిప్పీలో అడుగుపెట్టినప్పుడు కూడా జరిగింది ఇదే: ఏటి ఒడ్డున కలిసిన లూదియ, ఊదారంగు పొడి అమ్ముకొనే ఆమె, తన ఇంటి తలుపు తెరిచింది.

అయితే పేరయ్యవంటివారిని చేర్చుకొన్నందుకు ఒంగోలులోని పెద్ద కులాలవారు దూరమయ్యారు. ఏం చేయాలో తోచక దొరగారు ఒక గదిలో, దొరసానిగారు మరొక గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, జ్ఞానులు, ఘనులు ఎక్కువమంది పిలువబడలేదన్న మాటే కనబడిందట. ఇక వెనుదీయలేదు. ఏ పాలు దొరికితే ఆ పాలే తోడు పెట్టాలి. పక్కవారి పాలు బాగున్నాయని ఇంట్లోవి పారబోసే ఇల్లాలిని నేను చూడలేదు.

వేడి సంగతి కూడా చెప్పాలి. 1876 నుండి 1878 వరకు పెద్ద కరువు వచ్చింది. జనానికి కూలి దొరకాలని దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. బోధకులే మేస్త్రీలుగా ఉండి, పని ఆపి సేద తీరేవేళల్లో కూలీల మధ్య కూర్చొని ప్రభువు మాటలు చెప్పేవారు. వేలమంది బాప్తిస్మం ఇమ్మని వచ్చినా, అన్నం కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తేలాలని, సహాయం పంచినంత కాలం ఆయన ఒక్కరికీ ఇవ్వలేదు. పొంగే పాలలో తోడు వేస్తే తోడే చచ్చిపోతుందని ఆయనకు ఎవరు నేర్పారో! సహాయం ఆగింది, జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. దొరగారు ఇవ్వలేదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున నీళ్లలోకి దిగి, మొత్తం తొమ్మిది గంటల్లో పూర్తి చేశారు. చెంచా బయటికి వచ్చేసింది, చూశారా?

మా ఊళ్లో నేను చూసింది ఇంత ఘనమైనది కాదు. మా నాయనమ్మ వసారాలో లాంతరు కింద కూడుకొనేవాళ్లం. పగలు మాకు అక్షరాలు దిద్దించిన ఉపదేశిగారే రాత్రి మా అమ్మలక్కలకు వాక్యాన్ని కంఠతా చెప్పించేవారు, ఎందుకంటే వారిలో ఒక్కరికీ చదువు రాదు. పురుషోత్తం చౌదరిగారి కీర్తనలు రాగయుక్తంగా, తాళాలతో పాడుకొనేవాళ్లం; ఆ రాగాలు మనవి గనుకనే అవి మా నాయనమ్మ నోట నిలిచాయి. ఆమె ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. అలాంటి కుండలే ఉపదేశిగారి ఇంటిని పోషించాయి, కొన్నేళ్లకు మా తాటాకు పాకకు వాసాలు కూడా తెచ్చాయి. ఆ తరువాత పట్నం నుంచి ఎవరో పక్క ఊరికి వచ్చి, మైకులు పెట్టి, దుప్పట్లు పంచి, మూడు నెలల్లో మా కంటే పెద్ద కూడిక చేశారు. దుప్పట్లు అయిపోయాక అక్కడ మిగిలింది మైకు కట్టిన గుంజ ఒక్కటే. వారు ఎవరన్నది మీకు అనవసరం. ఆ గుంజకు మేము చాలా రోజులు గేదెను కట్టేశాం.

గుడి సంగతి అడిగారు గనుక దోర్నకల్ గురించి కూడా వ్రాస్తాను. అజరయ్య అయ్యగారు 1912లో అక్కడ బిషపు అయ్యారు. ఆంగ్లికను సంఘంలో, అంటే ఇంగ్లండు సంఘపు శాఖలో, ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత తలపై చేయి పెట్టించి, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. అంటే చేరిన రోజునే ప్రతివాడూ తోడు అయ్యాడు. హిందూ ఆలయాల గోపురం లాంటి, మసీదు లాంటి పోకడలను కలుపుకొని కట్టిన అక్కడి పెద్ద గుడి మాత్రం 1939 జనవరి 6న గాని ప్రతిష్ఠ కాలేదు. ఇరవై ఆరేళ్లు! అంతదాకా సంఘం పల్లెల్లో, చెట్ల కింద, పాకల్లో ఉంది.

నా పోలిక ఇక్కడ కొంత తడబడుతుందని ఒప్పుకుంటాను. పెరుగుకు ఒక్క రాత్రి చాలు. మనుషులు పోట్లాడుకుంటారు, అలుగుతారు, ఊరు విడిచిపోతారు, అందువల్ల సంఘానికి ఏళ్లు పడుతుంది. పాలలో చెంచాడు తోడు ఏం చేస్తుందో మీ సైన్సు పుస్తకంలో ఉంటుంది. ఒక తోళ్ల వ్యాపారి విన్న నాలుగు మాటలు పన్నెండేళ్లలో గుండ్లకమ్మ ఒడ్డుకు అంతమందిని ఎలా తెచ్చాయో మాత్రం, ఇన్నేళ్లు ఇక్కడే బ్రతికి కూడా నేను మీకు చెప్పలేను. వేసవి సెలవులకు వచ్చినప్పుడు వెల్లంపల్లి తీసుకువెళ్తాను, ఆ నీళ్లలో నిలబడి చూద్దురుగాని.

ఈలోగా మీకు ఒక పని. వచ్చే ఆదివారం కూడిక అయ్యాక ఒక కాగితం మీద వ్రాసి పంపండి: పాట ఎవరు ఎత్తారు, ప్రార్థన ఎవరు చేశారు, వాక్యం ఎవరు చదివారు, గుమ్మం దగ్గర చెప్పులు ఎవరు సర్దారు, కొత్తగా వచ్చినవారికి మంచినీళ్లు ఎవరు ఇచ్చారు. అన్నిటికీ ఎదురుగా మీ నాన్న పేరే ఉంటే, కాగితం పంపనక్కరలేదు, ఫోను ఆయన చేతికి ఇవ్వండి. ఆ కుండను గరిటెతో కదిపిన రాత్రి కథ ఆయనకు నేను ఇంతవరకు చెప్పలేదు.

మీ తాతయ్య