హెండ్రిక్స్ తొలి ఆల్బమ్: టేపులో ముగ్గురు, కాగితం మీద ఒక్కడు

గిటారిస్టు, గాయకుడు జిమి హెండ్రిక్స్ తొలి ఆల్బమ్ 'ఆర్ యూ ఎక్స్‌పీరియన్స్‌డ్' మళ్ళీ వార్తల్లోకి వచ్చింది, ఈసారి కోర్టు మెట్ల మీదుగా. అందులో బేస్ వాయించిన నోయెల్ రెడింగ్, డ్రమ్స్ వాయించిన మిచ్ మిచెల్ ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ రికార్డింగుల హక్కుల్లో వాటా కోరుతూ వాళ్ళ హక్కుదారులు సోనీ మ్యూజిక్ బ్రిటన్ సంస్థ మీద వేసిన దావా 2025 డిసెంబరులో లండన్ హైకోర్టులో విచారణకు వచ్చింది. హెండ్రిక్స్ అమెరికా నుంచి లండన్ చేరిన కథ, 1970లో 27 ఏళ్ళకే పోయిన కథ తెలియనివాళ్ళు తక్కువ. ఈ తగువుకు అసలు మూలం నాలుగు ట్రాకుల టేపులో, అంటే శబ్దాలను పక్కపక్కన నాలుగు పాయలుగా విడివిడిగా ఎక్కించే టేపులో ఉంది.

లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో ఇంజనీర్ ఎడ్డీ క్రేమర్ పాటించిన పద్ధతి ఇది. మొదటి మెషీన్‌లో రెండు ట్రాకులు డ్రమ్స్‌కి, ఒకటి బేస్‌కి, ఒకటి హెండ్రిక్స్ రిథమ్ గిటార్‌కి. నాలుగూ నిండిపోయాక వాటిని కలిపి రెండో మెషీన్‌లో రెండు ట్రాకులకు కుదించేవారు. దీన్నే రిడక్షన్ అంటారు. మిగిలిన రెండు ట్రాకుల్లో గొంతు, ముందుకు వినిపించే లీడ్ గిటార్ ఎక్కేవి. టేపు మీంచి టేపు మీదికి ఇలా కాపీ చేసిన ప్రతిసారీ హిస్, అంటే టేపు సుయ్‌మనే రొద, దాదాపు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ రెండో టేపు మీద డ్రమ్స్, బేస్, రిథమ్ గిటార్ ఒకే ముద్దగా ఉంటాయి. లీడ్ గిటార్ ఆ ముద్ద మీద నిలబడింది. 'మానిక్ డిప్రెషన్' వినండి. మూడు లెక్కల తాళంలో మిచెల్ టామ్‌ల (డ్రమ్ సెట్‌లోని లోతు డ్రమ్ముల) మీద ఆపకుండా తిప్పే రోల్స్ తీసేస్తే ఆ పాటకు నడకే ఉండదు.

కాగితం మాత్రం దీనికి ముందే తయారైంది. ముగ్గురూ 1966 అక్టోబరు 11న నిర్మాతలు చాస్ చాండ్లర్, మైకేల్ జెఫ్రీలతో ఒప్పందం మీద సంతకాలు చేశారు. రికార్డింగుల మీద ప్రపంచవ్యాప్త హక్కులు ఆ రోజే నిర్మాతలకు వెళ్ళిపోయాయన్నది సోనీ వాదన. 1970ల ప్రథమార్ధంలో రెడింగ్ లక్ష డాలర్లు, మిచెల్ సుమారు రెండున్నర లక్షల డాలర్లు తీసుకుని తమ క్లెయిములు వదులుకున్నారని కూడా ఆ సంస్థ చూపించింది.

హక్కుదారుల మాట వేరు. సంతకాలు చేసినప్పుడు సంగీతం అమ్ముడుపోయింది ఎల్పీల మీద, టేపుల మీద. సీడీ లేదు, స్ట్రీమింగ్ అన్న మాటే పుట్టలేదు. బ్రిటన్‌లో వాయించినవాళ్ళకు ఉన్న హక్కుల్లో చాలా భాగం 1988 చట్టం, ఆ తర్వాతి సవరణలతో వచ్చాయి. లేని హక్కును 1974లో ఎలా వదులుకుంటారు? దీనికి ఇంకో ముడి ఉంది. సౌండ్ రికార్డింగుల కాపీరైట్‌ను బ్రిటన్ 2013 నవంబరు 1 నుంచి 50 ఏళ్ళ నుంచి 70కి పెంచింది. లేకపోతే 1967 రికార్డింగు 2017 చివరికి అందరిదీ అయిపోయేది. ఇప్పుడు 2037 దాకా సంపాదిస్తుంది. రెడింగ్ 2003లో, మిచెల్ 2008లో చనిపోయారు. దావా విచారణకు నిలుస్తుందని 2024 జనవరిలోనే హైకోర్టు తేల్చింది.

ఈ ఆల్బమ్ పదేపదే కొత్తగా రావడానికి కారణం 1995. తండ్రి అల్ హెండ్రిక్స్ అప్పుడు హక్కులు తిరిగి సంపాదించి కుటుంబ సంస్థ పెట్టారు. దాని పేరు 'ఎక్స్‌పీరియన్స్ హెండ్రిక్స్', అంటే ముగ్గురి బ్యాండ్ 'ది జిమి హెండ్రిక్స్ ఎక్స్‌పీరియన్స్' పేరులోంచి తీసుకున్న మాటే. 1997లో క్రేమర్, జార్జ్ మెరీనో మూల టేపుల నుంచి రీమాస్టర్ చేశారు, అంటే శబ్దం సరిచేసి కొత్త ప్రతి తయారు చేశారు. బ్రిటిష్ ఎల్పీలోని 11 పాటలకు విడిగా వచ్చిన మూడు సింగిల్స్, వాటి రెండోవైపు పాటలు మూడు చేర్చి 17 చేశారు. 2010లో ఈ ఆల్బమ్ సోనీ పాత రికార్డుల విభాగం లెగసీ చేతికి వచ్చింది.

రీమాస్టర్‌లో మార్చడానికి వీలున్నవేవో చూస్తే వాటా ప్రశ్న ఇంకా స్పష్టమవుతుంది. ఆ పనికి కూర్చున్నవాళ్ళు చేతిలోకి తీసుకునేది అన్నీ కలిసిపోయిన మిక్స్ టేపు. గిటార్ ఒక్కదాన్నీ విడిగా ముట్టుకోలేరు. ముందు ప్లేబ్యాక్ హెడ్ కోణం సరిచేస్తారు. అది రవ్వంత వంకరైనా సింబల్స్ (డ్రమ్ సెట్‌లోని కంచు పళ్ళాలు) మోత మసకబారుతుంది. తర్వాత ఈక్వలైజేషన్, అంటే సన్నని, లావు శబ్దాల మధ్య సమతూకం, చూస్తారు. బ్రిటన్ స్టూడియోల్లో సెకనుకు 15 అంగుళాల వేగంతో రికార్డు చేసిన టేపులకు సాధారణంగా సీసీఐఆర్ ప్రమాణం, అమెరికాలో ఎన్ఏబీ. సీసీఐఆర్ టేపును ఎన్ఏబీ సెట్టింగులో ఆడిస్తే సన్నని శబ్దాలు 3 డెసిబెల్స్ పెరుగుతాయి, అడుగున ఉన్న లావు శబ్దాలు పలచబడతాయి. బేస్ గిటార్ లావు తీగ మామూలు శ్రుతిలో 41 హెర్ట్జ్. అక్కడ నష్టం దాదాపు 4 డెసిబెల్స్. అంటే ముందు పోయేది రెడింగే.

చివర లిమిటర్, అంటే శబ్దం ఒక హద్దు దాటకుండా అణిచేది. సగటు స్థాయిని 6 డెసిబెల్స్ పెంచి డిజిటల్ పైహద్దుకు తాకిస్తే స్నేర్ డ్రమ్ దెబ్బల శిఖరాలు కోసుకుపోతాయి. మిచెల్ మెల్లగా తట్టిన చిన్న దెబ్బలు, గట్టిగా కొట్టినవి ఒకే ఎత్తుకు చేరతాయి. జాజ్ నుంచి తెచ్చుకున్న అతని పట్టు ఆ తేడాలోనే ఉంది. 'బేస్ నిండుగా, డ్రమ్స్ స్పష్టంగా' అని పెట్టె మీద రాసి అమ్మే ప్రతి కొత్త ప్రతిలోనూ కొనేవాడు డబ్బిస్తున్నది ఆ ఇద్దరి చేతులకు కూడా.