విలువిద్య నేర్చుకునే పిల్లలు: గ్రౌండ్ బయట వినిపించే అపోహలు

వేసవి సెలవులు మొదలవగానే మా గ్రౌండ్‌కి కొత్త పిల్లలు వస్తారు. వాళ్ల వెంట అమ్మానాన్నలు, అమ్మానాన్నల వెంట నాలుగైదు గట్టి నమ్మకాలు. కోచ్‌గా నాకు పిల్లల భుజాలు సరిచేయడమే తేలిక.

అపోహ: ఎక్కువ పౌండ్ల విల్లయితే స్కోరు పెరుగుతుంది

పౌండ్లంటే విల్లు బరువు కాదు, తాడు లాగడానికి పట్టే బలం. పదకొండేళ్ల కుర్రాడికి 14 పౌండ్ల విల్లు ఇస్తే, "ఇది బొమ్మ విల్లు కదండీ" అన్నారు వాళ్ల నాన్న. వారం తిరక్కుండా 26 పౌండ్లది కొనుక్కొచ్చారు. అది లాగేసరికి వాడి భుజం చెవిదాకా లేచింది, నడుము వెనక్కి వాలింది, మోచెయ్యి లోపలికి తిరిగింది. వదిలిన తాడు ముంజేతిని చరిచి, నేరేడుపండు రంగులో కమిలింది. ఆ తర్వాత నెల రోజులపాటు బాణం వదిలే ముందు కళ్లు మూసుకునేవాడు. మళ్లీ ఆ బొమ్మ విల్లుకే వచ్చాం.

పూర్తిగా లాగి, చెయ్యి గడ్డం కింద ఆనించి, వణక్కుండా కాసేపు ఆగగలిగితే అదే పిల్లవాడికి తగిన విల్లు. మొదట్లో విల్లుకి బదులు రబ్బరు బ్యాండు లాగడం, తర్వాత అయిదు మీటర్ల నుంచి టార్గెట్ పేపరు అంటించని ఉత్త బట్ (బాణాలు గుచ్చుకునే దిమ్మ) మీదికి వేయడం. చూసేవాళ్లకి విసుగే.

అపోహ: కళ్లద్దాలుంటే కుదరదు, అర్జునుడి చూపు కావాలి

పక్షి కన్ను కథ చెప్పి పంపిస్తారు. పిల్లాడేమో సైట్ (విల్లుకి బిగించే గురి సాధనం) చుక్క టార్గెట్ నడిమి పసుపు మధ్యలో కదలకూడదని బిగుసుకుపోతాడు. అది ఎవరికైనా కాస్త ఊగుతూనే ఉంటుంది, ఊగనివ్వాలి. దక్షిణ కొరియా ఆర్చర్ ఇమ్ డాంగ్ హ్యున్‌కి చూపు బాగా మందం. అయినా 2012 లండన్ ఒలింపిక్స్ ర్యాంకింగ్ రౌండ్‌లో 70 మీటర్ల దూరం నుంచి 72 బాణాలకు 699 పాయింట్లు కొట్టి అప్పటి ప్రపంచ రికార్డు పెట్టాడు. అద్దాలు పెట్టుకునే రండి. మేం చూసేది రెండు కళ్లలో గురికి ఏ కంటిది పైచేయి అన్నదే.

అపోహ: ప్రమాదకరమైన ఆట

రెండు ఈలలకు గీత మీదికి, ఒక ఈలకు బాణాలు వేయడం, మూడు ఈలలకు బాణాలు తెచ్చుకోవడం. ఈ వరస తప్పితే ఆ రోజుకి విల్లు ఉండదు. నన్ను భయపెట్టేది బాణం పీకేవాళ్ల వెనకాలే నిలబడే అల్లరి పిల్లలు.

అపోహ: అకాడమీలో చేర్చాం కదా, స్కూల్ గేమ్స్‌కి వాళ్లే పంపిస్తారు

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్ 14, 17, 19 విభాగాల్లో జరుగుతాయి. ఎంట్రీ వెళ్లేది బడి నుంచే. ఆర్చరీ సంఘం పోటీలది వేరే దారి. ఇండియన్ రౌండ్, రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు), కాంపౌండ్ (కొసల్లో కప్పీలున్న విల్లు) దేనికదే పోటీ. వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్‌కే ఖర్చు తక్కువ. "కాంపౌండ్‌కి ఒలింపిక్స్ లేదుగా" అనేవాళ్లకి: 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ ఉంది. విజయవాడకు చెందిన జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్‌లోనే.

అపోహ: స్కోర్లు వాళ్లకి కావాల్సినవాళ్లకే వేసుకుంటారు

ఎవరి బాణం వాళ్లే చెప్పాలి, అదే బట్ మీద ఆడే మిగతా పిల్లలు సరిచూస్తారు. టార్గెట్ మీద రెండు వలయాల మధ్య గీతను బాణం తాకితే ఎక్కువ పాయింటే. తేడా వస్తే జడ్జి భూతద్దం పెట్టి చూస్తారు. అప్పటిదాకా బాణం ముట్టుకోకూడదు. ఒకసారి మా అమ్మాయి పదిని తాకిందని సంబరంలో ముందే పీకేసింది. కార్డు మీద తొమ్మిదే పడింది.