కొత్త వ్యాక్స్ కోసం పాతదాన్ని రుద్ది తీయనక్కరలేదు: కారు పెయింటుపై అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో కార్ డీటెయిలింగ్ చేసే నాకు, దసరా పది రోజుల్లో ఉందనగా ఒకే కోరిక పదేపదే వినబడుతుంది: “పాత పాలిష్ అంతా రుద్ది తీసేసి, కొత్తగా సీలెంట్, వ్యాక్స్ వేయండి.” సీలెంట్ అంటే పెయింటుపై వేసే కృత్రిమ రక్షణ పూత, వ్యాక్స్ అంటే మైనపు పూత. ఆయుధపూజ నాటికి బండి మెరవాలనుకోవడంలో తప్పు లేదు. కానీ కొత్త పూతకు ముందు కాంపౌండుతో, అంటే అరగదీసే పేస్టుతో, రుద్ది తీరాలన్న ఈ నమ్మకం వల్ల పాడైనన్ని బళ్లు, నేను చూసినంతలో, ఎండ వల్ల గానీ ఉప్పుగాలి వల్ల గానీ పాడవలేదు.

రంగు మీద పారదర్శకంగా ఉండి దాన్ని కాపాడే క్లియర్ కోట్ మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే గుణం ఆ పలుచని పొరలోనే ఉంది. సీలెంటూ వ్యాక్సూ దాని మీద నిలిచేవే తప్ప దానిలో భాగం కావు. వాటిని మళ్లీ మళ్లీ వేయడం వల్ల పెయింటుకు హాని జరగదు. ప్రతిసారీ మధ్యలో కాంపౌండుతో చేసే రబ్బింగే క్లియర్ కోటును కొంచెం కొంచెంగా అరగదీస్తుంది, అలా పోయినదాన్ని ఏ వ్యాక్సూ తిరిగి తేలేదు. పాత వ్యాక్స్ ఎండకూ వానకూ షాంపూ వాష్‌లకూ తనంతట తానే తగ్గిపోతుంది. మిగిలిన కాస్త జిడ్డుకు ప్యానెల్ వైప్ ద్రవం, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ సరిపోతాయి. గీతలు పడినప్పుడు పాలిష్ చేయించడం వేరు, పండగకో రబ్బింగ్ చేయించడం వేరు.

నిరుడు వేసవిలో శ్రీకాకుళం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు తన మెరూన్ రంగు కారును తీసుకొచ్చారు. ఆరేళ్లుగా ప్రతి పండగకూ ఒకచోట రబ్బింగ్ చేయించారట. “గుడ్డకు ఎర్రగా మురికి వచ్చేది బాబూ, ఎంత బాగా శుభ్రం చేస్తున్నారో అనుకునేవాణ్ణి” అన్నారు. అది మురికి కాదు, బండి రంగే. క్లియర్ కోట్ ఉన్న కారులో గుడ్డకు రంగు అంటిందంటే ఆ చోట క్లియర్ కోట్ పోయినట్టే. గేజి పెట్టి చూస్తే పెయింటు మొత్తం మందం డోర్ల మీద 118 మైక్రాన్లు, బానెట్ అంచున 74 చూపించింది. రూఫ్ మీద తెల్లగా పొలుసులు లేస్తున్నాయి. ఆ బండిని ఆయన ప్రేమగానే చూసుకున్నారు, ఆయనకు సరైన మాట చెప్పినవారే లేరు.

ఇక వరుస సంగతి. ముందు సీలెంట్, తర్వాతే వ్యాక్స్. సీలెంట్ నేరుగా శుభ్రమైన క్లియర్ కోటును పట్టుకోవాలి. కింద వ్యాక్స్ జిడ్డు ఉంటే దానికి పట్టు దొరకదు. సీలెంట్ పొడిబారి మసకగా కనిపించినప్పుడు వేలితో ఒక్కసారి గీస్తే ఆ చార అలుక్కుపోకుండా తేటగా రావాలి, అప్పుడే తుడవాలి. తుడిచాక డబ్బా మీద రాసినంత సేపు, చాలావాటికి 12 నుంచి 24 గంటలు, నీరు తగలకుండా నీడలో ఉంచాలి. పని నేర్చుకున్న కొత్తలో నేను రెండూ ఒకే మధ్యాహ్నం వేసిన బండిలో, వ్యాక్స్‌లోని సాల్వెంట్ ఇంకా గట్టిపడని సీలెంటును లాగేయడంతో, మూడు వారాలకే బానెట్ మీద నీటి బొట్లు ముత్యాల్లా నిలవడం మానేశాయి, అంటే పూత పోయింది. పైన వేసేది క్లీనర్ వ్యాక్స్ కాకుండా కూడా చూసుకోవాలి. అది మురికితో పాటు కింది సీలెంటునూ తీసేస్తుంది.

పూతలు పెరిగేకొద్దీ మెరుపు పెరుగుతుందన్నది నిజం కాదు. రెండో పూత మొదటిసారి తప్పిపోయిన చోట్లను కప్పడానికే, ఆపైన వేసినదంతా గుడ్డకే పోతుంది. ఎండలో వేస్తే బాగా పడుతుందన్నదీ నిజం కాదు, వేడి బానెట్ మీద మరకలు కడుతుంది. కిరోసిన్‌తో తుడిస్తే వచ్చే నిగనిగ కాసేపటి నూనె తడి మాత్రమే, ఉన్న వ్యాక్స్ కూడా దాంతో పోతుంది. పెయింటుపై గట్టి పొరగా ఆరే సిరామిక్ కోటింగ్‌ను వ్యాక్స్ మీద వేయకూడదు. కళింగపట్నం, భావనపాడు వంటి తీరపు ఊళ్లవారు బండిని పొడిగుడ్డతో తుడవకుండా ముందు నీళ్లతో ఉప్పును కడిగేయాలి.

మాస్టారి రూఫుకు రీపెయింట్ తప్పలేదు. ఫ్యాక్టరీ పెయింటును 140 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు, షాపులో వేసేదాన్ని 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు. కాబట్టి దానిలోని సాల్వెంట్ బయటకు పోవడానికి వారాలు పడుతుంది, ఆలోగా సీలెంటుతో మూసేయకూడదు. పెయింటర్ని అడిగి 30 నుంచి 60 రోజులు ఆగమన్నాను. ఆయన రెండు నెలలూ షాంపూతో మాత్రమే కడుగుతూ, మధ్యలో రెండుసార్లు ఫోన్ చేసి ఇంకా ఆగాలా అని అడిగారు. గడువు నిండాక ఒక శనివారం సీలెంట్, ఆదివారం వ్యాక్స్ వేశాను. బఫింగ్ మెషిన్ బయటకు తీయలేదు.