యాడ్ రాయడం: క్లాసులో తరచూ వినే అపోహలు, వాస్తవాలు

డిగ్రీలో జర్నలిజం చదివే పిల్లలకి ప్రకటనల పేపర్ చెబుతాను. మొదటి రోజు ఊళ్లో పంచిన కరపత్రాలు ఓ పది తీసుకెళ్లి, షాపు పేర్ల మీద తెల్లకాగితం అంటించి, ఏది ఎవరిదో చెప్పమంటాను. ‘నాణ్యతకు మారుపేరు’, ‘నమ్మకానికి చిరునామా’, ‘అతి తక్కువ ధరలకే’... చీరల షాపుదో సిమెంటు డీలర్‌దో ఎవరూ చెప్పలేరు. పాఠం అక్కడే మొదలవుతుంది.

అపోహ: యాడ్ రాయాలంటే పుట్టుకతోనే క్రియేటివిటీ ఉండాలి, నేర్పితే వచ్చేది కాదు.

వాస్తవం: రాయడానికి ముందు అడగడం, వినడం ఉంటాయి. అవి నేర్పితే వస్తాయి. కాలేజీ దగ్గరి కర్రీ పాయింట్‌కి కరపత్రం రాయమంటే ఓ అమ్మాయి ‘అమ్మ చేతి కమ్మదనం’ అని రాసుకొచ్చింది. వినడానికి బాగుంది, కానీ ఆ మాట ఏ కర్రీ పాయింట్‌కైనా సరిపోతుంది. రెండు సాయంత్రాలు ఆ కౌంటర్ పక్కన నిలబడి, కొనేవాళ్లు ఏం అడుగుతారో వాళ్ల మాటల్లోనే రాసుకురమ్మన్నాను. తెచ్చిన నోట్‌బుక్‌లో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపించింది: ‘పొద్దున చేసినవా, ఇప్పుడు చేసినవా?’

ఆ షాపాయన రోజూ సాయంత్రం ఐదింటికి మళ్లీ పొయ్యి వెలిగిస్తారు. ఆ సంగతి కొనేవాళ్లకి తెలియదు. అది చెప్పుకోవాల్సిన విషయమని ఆయనకీ తోచలేదు. రెండోసారి ఆ అమ్మాయి ఇలా రాసింది: ‘సాయంత్రం కూరలు సాయంత్రమే వండుతాం. ఐదింటికి పొయ్యి వెలిగిస్తాం, వచ్చి చూడండి.’ పక్క షాపు ఈ మాట వాడుకోవాలంటే ముందు ఐదింటికి వంట మొదలుపెట్టాలి. అమెరికన్ యాడ్ రచయిత రోసర్ రీవ్స్ యూఎస్‌పీ (పోటీదారులు చెప్పలేని, మన సరుకుకే సొంతమైన మాట) అన్నది దీన్నే. పుస్తకంలోని నిర్వచనం అప్పజెప్పే పిల్లలకి అది కూర గిన్నెల దగ్గర అర్థమైంది.

అపోహ: ప్రాస కుదరాలి, స్టార్ ఉండాలి.

వాస్తవం: ప్రాస గుర్తుండటానికి సాయం చేస్తుంది. అయితే పాట గుర్తుండి సరుకు పేరు గుర్తు రాకపోతే ఆ ఖర్చు వృథా. లలితా జ్యువెలరీ యాడ్‌లో యజమానే వచ్చి ‘డబ్బులు ఊరికే రావు’ అంటారు. ప్రాస లేదు, హీరో లేడు. మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాటే అది. బంగారం కొనేటప్పుడు మనసులో ఉండే భయం కూడా అదే. ఆ మాటకి బలం అక్కడి నుంచి వచ్చింది.

అపోహ: మంచి ప్రచారానికి పెద్ద బడ్జెట్ కావాలి.

వాస్తవం: కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల దగ్గర ఉచితంగా పంచారు. నుదుటికి రాసుకున్నవాళ్లకి గుణం అక్కడికక్కడే తెలుస్తుంది, వాసన పక్క వరుసదాకా వెళ్తుంది. సరుకే తన గురించి తాను చెప్పుకుంది. ఆంధ్రపత్రిక పెట్టిన దేశోద్ధారకుడిగా ఆయన్ని తలుచుకుంటాం. ప్రకటనల విద్యార్థులు మాత్రం ఈ కచేరీల సంగతి తప్పకుండా తెలుసుకోవాలి.

అపోహ: హిందీ స్క్రిప్టుని తెలుగు చేస్తే తెలుగు యాడ్ అయిపోతుంది.

వాస్తవం: ‘మీరు ఉత్తమమైనదానికి అర్హులు’ అని మనింట్లో ఎవరంటారు? ‘మీకు తక్కువ రకం ఎందుకండీ’ అంటారు. రాసింది ఫోన్‌లో అమ్మకి చదివి వినిపించమంటాను. ఆవిడ ‘ఏంటీ?’ అని అడిగితే మళ్లీ రాయాల్సిందే. నాకు తెలిసి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

అపోహ: కాస్త అబద్ధం లేకపోతే యాడ్ పనిచేయదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. ‘షుగర్ శాశ్వతంగా నయం’ అనే కరపత్రాన్ని ఓసారి ఓ అబ్బాయి మంచి హెడ్డింగుకి ఉదాహరణగా తెచ్చాడు. హెడ్డింగు నిజంగానే పట్టి ఆపుతుంది. కానీ అది నమ్మి మాత్రలు మానేసే మనిషి ఏమైపోవాలి? మందుల ప్రకటనల మీద 1954లోనే చట్టం వచ్చింది. ఫలానా మందుతో నయమవుతుందని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో షుగర్ కూడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. అందులో నటించిన సెలబ్రిటీకీ బాధ్యత ఉంటుంది. ఆ చట్టం కింద వచ్చిన 2022 మార్గదర్శకాల ప్రకారం గొప్ప ఏ భాషలో చెప్పుకుంటే షరతులూ ఆ భాషలోనే ఉండాలి. పైన తెలుగులో ఆఫర్ రాసి, అడుగున చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు పెట్టిన యాడ్‌కి నా క్లాసులో మార్కులు ఉండవు.

అపోహ: లైకులు వస్తే యాడ్ హిట్టే.

వాస్తవం: లైకు కొట్టినవాళ్లలో కొనడానికి ఎందరొచ్చారో లెక్క తెలియాలి. కర్రీ పాయింట్ కరపత్రాన్ని పసుపు కాగితం మీద ఒక హెడ్డింగుతో, గులాబీ కాగితం మీద ఇంకో హెడ్డింగుతో అచ్చు వేయించాం. ఒకే వీధిలో ఒక ఇంటికి పసుపుది, పక్కింటికి గులాబీది చొప్పున పంచాం. ‘ఇది తెస్తే పెరుగు పచ్చడి ఉచితం’ అని రెండింటి మీదా ఒకటే మాట. వచ్చిన కాగితాలన్నీ షాపాయన ఓ బిస్కెట్ డబ్బాలో వేసి ఉంచారు. శనివారం పిల్లలు ఆ డబ్బాని బెంచీ మీద బోర్లించి, రంగుల వారీగా లెక్కపెట్టారు.