మొదటి ఇల్లు, ప్రభుత్వ సాయం: ఓరుగల్లు యువతలో కనిపించే అపోహలు – వాస్తవాలు

కిందటి నెల పరకాల నుంచి వచ్చిన ఒక యువకుడు నా ఎదుట కూర్చొని, "సార్, సబ్సిడీ పోను నేనెంత కట్టాలె?" అని అడిగాడు. హనుమకొండలో గృహరుణాల ఫైళ్లు తయారుచేసే పనిలో ఉన్న నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇల్లు కొనాలనుకునే ప్రతి నలుగురిలో ముగ్గురు లెక్కను ఇక్కడి నుంచే మొదలుపెడతారు, తప్పు కూడా ఇక్కడే దొర్లుతుంది. మన దగ్గర అమలులో ఉన్న పథకాల్లో సాయం ఇల్లు కొన్నాకో, పని జరిగాకో అందుతుంది. అంతకుముందు పెట్టాల్సిన డబ్బు కొనేవాడి చేతిలో ఉండాలి. నేను చూసే అపోహల్లో చాలావాటికి మూలం ఈ వరుస తెలియకపోవడమే.

అపోహ: కేంద్ర పథకం సబ్సిడీని ఇంటి ధరలో తగ్గిస్తారు.

వాస్తవం: 2024 సెప్టెంబర్ 1న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో వడ్డీ రాయితీ విభాగం ఒకటి ఉంది. కుటుంబ వార్షికాదాయం 9 లక్షల రూపాయలు దాటకూడదు, ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు, తీసుకునే రుణం 25 లక్షలు దాటకూడదు, కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే వైశాల్యం, 120 చదరపు మీటర్లకు మించకూడదు. ఈ హద్దుల్లో ఉన్నవారికి రుణంలో మొదటి 8 లక్షల మీద, 12 ఏళ్ల కాలానికి లెక్కగట్టి, 4 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. అది గరిష్ఠంగా 1.80 లక్షలు, అదీ 5 వార్షిక వాయిదాల్లో, అంటే ఏడాదికి 36,000 రూపాయల చొప్పున వస్తుంది. వాయిదా విడుదలయ్యే నాటికి రుణం నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ మిగిలి ఉండాలి. చేతికి డబ్బు వచ్చిందని మొదటి రెండు మూడేళ్లలోనే అసలును సగానికి దించేస్తే మిగిలిన వాయిదాలు పోతాయి.

పాత పథకంలో, అంటే 2015లో మొదలైన దాంట్లో, తక్కువ ఆదాయ వర్గాలకు 6 లక్షల రుణంపై 6.5 శాతం చొప్పున 2.67 లక్షల దాకా రాయితీ ఒకేసారి రుణ ఖాతాలో జమయ్యేది. ఆ విభాగం 2022 మార్చి 31తో ముగిసింది. మేనమామకో, పెద్దన్నకో అప్పట్లో వచ్చిన మొత్తాన్ని మనసులో పెట్టుకొని ఇప్పుడు బిల్డర్‌తో బేరమాడితే లెక్క తప్పుతుంది.

అపోహ: ఊళ్లో నాన్న పేరిట ఉన్న ఇల్లు లెక్కలోకి రాదు.

వాస్తవం: దేశంలో ఎక్కడా కుటుంబం పేరిట పక్కా ఇల్లు ఉండకూడదన్నది నిబంధన. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు అని పథకం నిర్వచించింది. కాబట్టి పెళ్లికాని యువకులు ముందుగా చూసుకోవాల్సింది తమ జీతం చీటీని కాదు, ఊళ్లో తండ్రి పేరిట ఉన్న స్లాబు ఇంటిని. పరకాల యువకుడి విషయంలో మా మాటలు ఈ ఒక్క దగ్గరే అరగంట ఆగాయి.

అపోహ: బ్యాంకు 90 శాతం ఇస్తుంది కాబట్టి చేతిలో 10 శాతం ఉంటే చాలు.

వాస్తవం: 30 లక్షల వరకు రుణాలకు ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం, ఆపైన 75 శాతం అని రిజర్వు బ్యాంకు పెట్టినవి గరిష్ఠ పరిమితులు మాత్రమే. ఇంటి ధర 10 లక్షల లోపు ఉంటే తప్ప స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి విలువలో కలపరు. తెలంగాణలో ఆ ఖర్చు స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 కలిపి 7.5 శాతం. ఇప్పుడు 35 లక్షల ఫ్లాటును కేంద్ర పథకం హద్దులోనే కొనాలనుకుందాం. రుణం 25 లక్షలు దాటకూడదు కనుక 10 లక్షలు సొంతంగా పెట్టాలి, రిజిస్ట్రేషన్‌కు మరో 2,62,500 కావాలి. మొత్తం 12,62,500 రూపాయలు చేతిలో ఉన్నవాడికి ఐదేళ్లలో 1.80 లక్షలు ఇవ్వడానికే ఈ పథకం పెట్టినట్టు కనిపిస్తుంది. నెలకు 40,000 సంపాదించే యువతకు అడ్డుగా నిలుస్తున్నది కిస్తు కాదు, ఈ మొదటి మొత్తం. ఆ చోట సాయపడే పథకం కేంద్రంలోనూ లేదు, రాష్ట్రంలోనూ లేదు. విధానంలో అసలు లోటు అదేనని నా అభిప్రాయం.

అపోహ: దస్తావేజులో విలువ తక్కువ రాయించుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

వాస్తవం: ఇది మన ప్రాంతంలో ఎంతగా పాతుకుపోయిందంటే, పూర్తి విలువ రాయమన్నవాణ్ణి అమాయకుడి కింద జమకడతారు. ముందు చెప్పిన 35 లక్షల ఫ్లాటునే తీసుకుందాం. రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువకు దగ్గరగా 22 లక్షలకే దస్తావేజు రాయిస్తే రిజిస్ట్రేషన్‌లో 97,500 రూపాయలు మిగులుతాయి, నిజమే. అయితే చాలా బ్యాంకులు దస్తావేజు విలువ, తమ ఇంజనీరు కట్టిన విలువ, ఈ రెండింట్లో తక్కువదాని మీదే రుణం ఇస్తాయి. 22 లక్షల మీద 90 శాతం ఇచ్చినా 19.8 లక్షలే అవుతుంది. మిగిలిన 15.2 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 1.65 లక్షలు కలిపి 16.85 లక్షలు చేతి నుంచి పెట్టాలి. అంటే లక్ష లోపు మిగిల్చుకోవడానికి నాలుగు లక్షలకు పైగా అదనంగా వెతుక్కోవాలి, అది సాధారణంగా నూటికి రెండు రూపాయల మిత్తికి బయట దొరికే అప్పే అవుతుంది. దానికి తోడు, ఆస్తి లావాదేవీలో 20,000 రూపాయలు గానీ ఆపైన గానీ నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. రేపు మీరే అమ్మే రోజు వస్తే, మీరు కొన్న ధర 22 లక్షలుగానే లెక్కకు వచ్చి, లాభం పెద్దదిగా కనిపించి, దాని మీద పన్ను కూడా పెరుగుతుంది.

అపోహ: ఇందిరమ్మ ఇల్లు మంజూరైతే 5 లక్షలు ముందే ఖాతాలో పడతాయి, వాటితో ఫ్లాటు కూడా కొనుక్కోవచ్చు.

వాస్తవం: 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఈ రాష్ట్ర పథకం సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే పేదలకు ఉద్దేశించింది. ఇల్లు మహిళ పేరిట మంజూరవుతుంది, కట్టుబడి 400 చదరపు అడుగులకు తగ్గకుండా 600 మించకుండా ఉండాలి. పునాది నుంచి ఇల్లు పూర్తయ్యే వరకు నాలుగు దశల్లో, ఒక్కో దశ పూర్తయ్యాక ఫొటో తీసి నమోదు చేస్తేనే బిల్లు వస్తుంది. బేస్‌మెంటు వరకు సొంత డబ్బుతోనో, ఇటుక, సిమెంటు దుకాణాల అరువుతోనో లేపాల్సిందే. ఫ్లాటు కొనుగోలుకు ఇది వర్తించదు.

అపోహ: కిస్తు తగ్గుతుంది కాబట్టి ఎంత ఎక్కువ కాలం పెట్టుకుంటే అంత మంచిది.

వాస్తవం: 8.5 శాతం వడ్డీకి 25 లక్షలు తీసుకుంటే 20 ఏళ్లకు కిస్తు సుమారు 21,700, 30 ఏళ్లకు సుమారు 19,200 రూపాయలు. నెలకు 2,500 తగ్గుతుందని సంతోషించేలోపే మొత్తం వడ్డీ 27 లక్షల నుంచి 44 లక్షలకు చేరుతుంది. కాలం ఎక్కువ పెట్టుకోవడం తప్పనిసరైతే, చలన వడ్డీ (ఫ్లోటింగ్ రేటు) రుణాన్ని ముందుగా తీర్చినందుకు వ్యక్తుల నుంచి బ్యాంకులు రుసుము వసూలు చేయరాదన్న సంగతి గుర్తుంచుకోండి.

అపోహ: గృహరుణం ఉంటే ఆదాయపు పన్ను తప్పకుండా తగ్గుతుంది.

వాస్తవం: పాత పన్ను విధానంలో ఉంటేనే సొంతంగా నివసించే ఇంటి రుణ వడ్డీపై ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు దొరుకుతుంది, కొత్త విధానంలో దొరకదు.

అపోహ: రిజిస్ట్రేషన్ అయిందంటే కాగితాలన్నీ సక్రమంగా ఉన్నట్టే.

వాస్తవం: రిజిస్ట్రేషన్ లావాదేవీని నమోదు చేస్తుంది, హక్కుకు పూచీ ఇవ్వదు. నగరం చుట్టూ ఉన్న ఊళ్లు మహానగరపాలక సంస్థలో కలిసినా, పాత పంచాయతీ లేఅవుట్లు చాలా కాలం అనుమతి లేకుండానే చేతులు మారాయి. అలాంటి ప్లాటు క్రమబద్ధీకరణ కాకుండా ఇంటి అనుమతి రాదు, అనుమతి లేనిదే బ్యాంకు రుణం ఇవ్వదు. లావుణి పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి, అమ్మకం 1977 నాటి చట్టం ప్రకారం చెల్లదు. చెరువు శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, ఎంత చవకగా దొరికినా దాని సంగతేమిటో 2023 జూలై వానలకు మునిగిన మన కాలనీలను చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందా లేదా అన్నది, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) లేదా నగరపాలక సంస్థ అనుమతి పత్రం, ఇవి అడ్వాన్సు ఇవ్వకముందే న్యాయవాదికి చూపించాలి. ఎనిమిది ఫ్లాట్లకు, 500 చదరపు మీటర్ల స్థలానికి మించిన ప్రాజెక్టైతే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు అడగాలి. అక్కడ రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు. ఇవేవీ చూడకుండా డబ్బు ఇచ్చేసి, బ్యాంకు న్యాయవాది కాదన్నాక నా దగ్గరికి వచ్చేవారికి నేను చేయగలిగింది ఒక్కటే: రుణం మంజూరు కాకపోతే అడ్వాన్సు వాపసు ఇస్తామన్న షరతు అగ్రిమెంట్లో రాసుకున్నారేమో చూడటం.